బీరకాయ పీచు వారంటీ

భూమ్మీద పుట్టిన ప్రతి జీవికీ దేవుడు రక్షకుడు. భూమ్మీద కొన్న ప్రతి వస్తువుకూ నా క్రెడిట్ కార్డు రక్షకుడు!

ఈ మాట నేను వంటింట్లో గొణుక్కున్నది కాదు. గౌలిపురలో మా గల్లీ ఆడవాళ్లందరి ముందు, మా ఇంటి అరుగు మీద నిలబడి, చేతిలో కార్డు పట్టుకొని మరీ అన్న. చప్పట్లు ఒక్కటే తక్కువ.

కార్డు అసలు మా ఆయనది. శ్రవణ్‌కుమార్‌కు స్టీలు గిన్నెల హోల్‌సేల్ దుకాణం ఉన్నది. దుకాణం చూసి బ్యాంకోళ్లు ఆయనకొక పెద్ద కార్డు ఇచ్చి, దానికి తోడు భార్యకొక పిల్లకార్డు ఇచ్చిన్రు. పిల్లదైతేనేం, దాని మీద రశ్మి అని నా పేరు ఉబ్బెత్తు అక్షరాలతో ఉన్నది. నా బీకాం పట్టా మీద వేలు పెడితే కాగితం తగులుతది. కార్డు మీద వేలు పెడితే నేను తగులుత!

ఆన్‌లైన్‌లో సేల్ పెట్టినప్పుడల్లా 'ఫలానా కార్డు ఉంటే తగ్గింపు' అంటరు కదా. మా గల్లీ మొత్తానికి ఆ ఫలానా కార్డు నా దగ్గరనే ఉన్నది. కుక్కరు కావాలన్నా, కూలరు కావాలన్నా, "రశ్మీ, జర నీ కార్డు పెట్టు బిడ్డా" అని వస్తరు. పైసలు ఎవరివి వాళ్లు తెచ్చి నా చేతిలో పెడుతరు. కార్డు నేను పెడుత. పైసలు వాళ్లవి, పేరు నాది. లోకంలో గొప్పవాళ్లందరూ ఇట్లనే గొప్పవాళ్లు అయ్యి ఉంటరు.

బ్యాంకోళ్ల లెక్క ప్రకారం మా గల్లీలో తిరిగే ఫ్యాన్లన్నీ నావే. మా ఆయనకు ఈ సంగతి తెల్వదు. బ్యాంకు బిల్లు చూసే పని 'బీకాం చదివినవు గద' అని నాకే అప్పజెప్పిండు. చదువు వృథా పోదనేది ఇందుకే.

కార్డుతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. చదువుకున్నదాన్ని కనుక మొదటి పేజీ మొత్తం చదివిన. మిగతా పేజీల్లో అక్షరాలు చీమలకు రాసినట్టు ఉన్నయి. చీమలే చదువుకుంటయి లెమ్మని వదిలేసిన. మొదటి పేజీలో ఉన్నదేందంటే, ఈ కార్డుతో కొన్న వస్తువు కొన్న కొత్తలో పగిలినా, విరిగినా, దొంగ ఎత్తుకపోయినా బ్యాంకోళ్లు కొత్తది ఇప్పిస్తరు. దాని పేరు పర్చేజ్ ప్రొటెక్షన్. కంపెనీ వారంటీ అయిపోయినంక ఇంకొన్నాళ్లు రిపేరు ఖర్చు భరిస్తరు. దాని పేరు ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఇట్ల కాపాడుడును బ్యాంకు భాషల 'కవరు' అంటరని అరుగు మీద అందరికీ చదివి చెప్పిన.

"ఎక్స్‌టెండెడ్ అంటే ఏందమ్మా?" అని అడిగింది ఎదురింటి కృష్ణమ్మ.

"బీరకాయ పీచు చుట్టరికం ఎరుకనే గద పెద్దమ్మా? కంపెనీ వారంటీ సొంత అన్న అనుకో. బ్యాంకోళ్ల వారంటీ మేనత్త ఆడిబిడ్డ తోటికోడలి తమ్ముడు. రక్తసంబంధం గాకపోయినా పెండ్లికి వస్తడు."

"పనికి వస్తడా, బువ్వకు వస్తడా?"

నేను కార్డును కొంగుతో తుడిచిన. పండితులు ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పరు.

మా అత్త సుగుణమ్మకు మాత్రం సంగతి మస్తు నచ్చింది. "అన్నిటికీ కవరు ఉంటదన్నవు గద, మంచిదే. మా ఫ్రిజ్జు కవరు నేను ఇప్పటిదాక తియ్యనియ్యలే" అన్నది. మా అత్త, నేను ఒక్క మాట మీద నిలబడ్డది అదే మొదటిసారి. ఇద్దరం వేరేవేరే కవర్ల గురించి మాట్లాడుతున్నమని నేనూ చెప్పలేదు.

ఇంక మా రూప సంగతి చెప్పాలె. రూప మా పక్కింటామె. మొగడు డానియేలు ఆర్టీసీ డిపోలో మెకానిక్. రూప జాకెట్లు కుడుతది. కుట్టుడంటే మామూలు కుట్టుడు కాదు, ఆమె చేతిలో పడితే పాత పరదా కూడా పెండ్లికి పోతది. పెండ్లి జాకెట్ల మీద పువ్వులు, నెమళ్లు వేసే ఎంబ్రాయిడరీ మిషన్ కొనాలని ఆమెకు ఎన్నాళ్ల సందో ఆశ. సేల్ పడంగనే నా కార్డు మీద కొన్నది. పైసలన్నీ ముందే కట్టింది. మిషన్ వచ్చిన కాడి సంది ఆ ఇంట్లోంచి కిర్రుకిర్రుమని నెమళ్లు పుడుతనే ఉన్నయి. ఒక పెండ్లిపిల్ల జాకెట్లన్నీ కూడా రూపకే ఒప్పజెప్పిన్రు.

రూప ఇల్లు లోపల చీకటి. ఒకనాడు వెలుగు కోసం మిషన్‌ను అరుగు మీద పెట్టుకొని ఆ పెండ్లిపిల్ల చీర కొంగుకు పువ్వులు వేస్తున్నది. కొంగు గల్లీలకు వేలాడుతున్నది. మాకు పాలు పోసే మల్లన్న బర్రెలు ఇంటికి మళ్లే వేళ. ఒక బర్రె కొమ్ముకు కొంగు చిక్కుకున్నది. బర్రెకు సిగ్గెక్కువేమో, తల మీద చీర పడంగనే కొత్త కోడలి లెక్క తల వంచుకొని ఉరికింది. బర్రె వెంట చీర. చీర వెంట మిషన్. మిషన్ వెంట రూప. రూప వెంట మల్లన్న!

చీర బతికింది. బర్రె బతికింది. మిషన్ మెడ మురికి మోరీ గట్టు మీద విరిగింది.

కంపెనీ సర్వీసు మనిషి వచ్చి చూసి, "తయారీ లోపమైతే వారంటీ ఉంది. ఇది బర్రె లోపం" అని చేతులు కడుక్కొని పోయిండు.

రూప నేరుగా మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వదినె, పెండ్లి దగ్గర పడ్డది. ఒక్క పెండ్లి నా చేతుల ఖరాబైతే మళ్లా నా గడపల ఎవరన్న గుడ్డ ముక్క పెడుతరా? నువ్వు ఆనాడు అరుగు మీద నిలబడి చెప్పినవు గద, విరిగితే బ్యాంకోళ్లే కొత్తది ఇస్తరని?"

"చెప్పిన."

"నిజమేనా, ఊకె మాటకు చెప్పినవా?"

ఇదిగో, ఇట్ల అడిగితే చదువుకున్నోళ్లకు రోషం వస్తది. వెంటనే ఫోన్ తీసి బ్యాంకు నంబరు నొక్కిన. ఒకటి నొక్కమంటే ఒకటి, తెలుగు కోసం ఏడు నొక్కమంటే ఏడు నొక్కిన. సన్నాయి పాట ఒకటి మొత్తం విన్న. ఆఖరికి ఒక పిలగాడు పలికిండు.

"నమస్కారం మేడం, నా పేరు వరుణ్. మీ సంతృప్తియే మా పరమావధి. ఈ సంభాషణ నాణ్యతా ప్రయోజనాల నిమిత్తం నమోదు చేయబడుతున్నది. నష్టానికి కారణం తెలుపగలరా?"

"బర్రె."

"క్షమించాలి మేడం, అది ఏ కంపెనీ?"

"కంపెనీ గాదు బాబూ. పాలిస్తది గద, ఆ బర్రె."

అవతల టకటక నొక్కి వెతికిన చప్పుడైంది. "మా జాబితాలో అగ్ని, జలం, పతనం, చౌర్యం ఉన్నాయి మేడం. మహిషం లేదు."

"అయితే పతనం రాసుకో. మహిషం గుంజితేనే పతనమైంది."

"ఆ మహిషం మీ పెంపుడు జంతువా? పెంపుడు జంతువుల వల్ల కలిగిన నష్టానికి రక్షణ వర్తించదు."

"మాది గాదు, మల్లన్నది. మాకు పాలు పోస్తరు, అంతే."

"అంటే సదరు మహిషంతో మీకు లావాదేవీలు ఉన్నాయి."

"సదరు మహిషానికి నా మొఖం గూడ ఎరుకలేదు!"

"సంతోషం మేడం. వస్తువు ఎవరి వినియోగంలో ఉంది? మీరే వాడుతున్నారా? కుటుంబ సభ్యులకు బహూకరించారా? లేక ఇతరుల కోసం కొన్నారా? ఇతరుల కోసం కొన్నట్లయితే రక్షణ వర్తించదు."

ఈ ముక్క చీమల పేజీలో ఉన్నట్టున్నది. ఎదురుగా రూప నా మొఖమే చూస్తున్నది, డాక్టరు మొఖం చూసినట్టు. నేనే వాడుతున్నానందామంటే సూదిలోకి దారం ఎక్కించుడు నాకు రాదు.

"బహూకరించిన!" అన్న.

"మీ ఔదార్యానికి అభినందనలు మేడం. ఎవరికి?"

"మా వదినెకు."

ఇందులో అబద్ధం ఎక్కడున్నదో మీరే చెప్పండి. మా గల్లీలో నేను కృష్ణమ్మకు బిడ్డను, మల్లన్నకు చెల్లెను, రూపకు వదినెను. రూప నాకు వదినె. ఆమె చర్చికి పోతది, నేను గుడికి పోత. అయినా వరుస వరుసే. వరుస లేకుండ మనిషిని పిలిచే పద్ధతే మా దగ్గర లేదు. అటువంటప్పుడు బ్యాంకోళ్లకు వరుసలు తెల్వకపోతే తప్పు వాళ్లదా, నాదా? నేనైతే నా ఆత్మసాక్షిని అడిగిన. అది సన్నాయి పాట వినిపిస్తున్నది.

"వదిన గారు. కుటుంబ సభ్యుల కిందికే వస్తారు మేడం" అన్నడు వరుణ్. "వారు ఈ యంత్రంతో వ్యాపారం ఏమైనా చేస్తున్నారా? వ్యాపారమైతే..."

"వర్తించదు, నాకెరుక. వ్యాపారమెందుకు చేస్తది? హాబీ!"

"ధన్యవాదాలు. విరిగిన వస్తువు ఫోటోలు, బిల్లు పంపండి. ధ్రువీకరణ కోసం మేము ప్రధాన కార్డుదారుని సంప్రదిస్తాము."

ప్రధాన అనంగనే అది నేనే అనుకున్న. ఉబ్బెత్తు అక్షరాల మహిమ!

ఫోన్ పెట్టేసి రూపకు పాఠం చెప్పిన. "వదినె, ఎవరన్న ఫోన్ చేస్తే, నేను గిఫ్టిచ్చిన అను. నువ్వు కుట్టేది హాబీ అను."

"హాబీ అంటే?"

"చేస్తవు, గాని పైసలు రావు."

"మరి ఇంట్ల బోళ్లు తోముడు సుత హాబీయేనా?"

రూప నవ్వకుండనే అడిగింది. నేను బిల్లు, ఫోటోలు బ్యాంకుకు పంపే పనిల పడ్డ.

రోజులు పోతున్నయి. రూప రాత్రీ పగలు చేతితోనే పువ్వులు కుడుతున్నది. ఆమె వేళ్లకు పట్టీలు. గోడ అవతల కిర్రుమనే చప్పుడు లేకపోయేసరికి మా ఇంట్లో నాకు అన్నం సయించలేదు. గల్లీ ఆడవాళ్లు మాత్రం పొద్దుగాల, పొద్దుమూకి అడుగుతనే ఉన్నరు. "బ్యాంకోళ్లు వచ్చిన్రా బిడ్డా?" అని కృష్ణమ్మ అడిగే తీరు చూస్తే, పెండ్లిపిల్లను చూసిపోయినోళ్లు కబురు పంపకపోతే అడిగినట్టు ఉంటది. మిషన్ రాకపోతే రూప పని పోతది. నా సంగతి అంతకంటే ఘోరం, మాట పోతది!

ఆఖరికి ఒకనాడు నా ఫోన్ మోగింది. మెసేజ్. 'మీ వదిన గారికి నూతన యంత్రం విజయవంతంగా అందజేయబడినది. మాతో బంధం కొనసాగించండి.'

అరుగు మీదికి ఉరికి గల్లీ మొత్తం వినేటట్టు చదివిన. కృష్ణమ్మ నోరు తెరిచింది. నేను ఆ నోటిని తృప్తిగా చూసిన. రూప చేతిలో సూది అట్లనే పట్టుకొని బయటికి వచ్చింది.

"నాకేం రాలే వదినె!"

"వస్తది. బ్యాంకోళ్లు ముందుగాల మెసేజ్ ఇచ్చి ఎనుక వస్తువు ఇస్తరు."

ఆ మాట నా నోట్లో ఉండంగనే గల్లీ మలుపులో ఆటో హారన్ వినపడ్డది. అందరం తొంగి చూసినం. ఆటో వచ్చి సరిగ్గా మా గడప ముందే ఆగింది. లోపల పెద్ద డబ్బా. డబ్బా మీద ఎంబ్రాయిడరీ మిషన్ బొమ్మ. డబ్బాను వాటేసుకొని మా ఆయన అక్క!

మా ఆయనకు ఒక్కతే అక్క. అసలు పేరు ఏదో ఉన్నది గాని అందరూ మున్నీ అనే అంటరు. జహనుమా బస్తీలో ఉంటది. వరుసకు నాకు వదినె. వరుసకే కాదు, నిజంగానే.

ఆటో దిగుడు దిగుడే నన్ను కౌగిలించుకున్నది. "రశ్మీ! ఎంత లోతు మనిషివే! లోపల గింత ప్రేమ పెట్టుకొని పైకి పోయిన పండుగకు జాకెట్ ముక్క పెడితివి గదనే!"

"అంటే... వదినె... ఫోన్ ఏమన్న..."

"వచ్చింది. 'మీ మరదలు గారు మీకు బహూకరించిన కుట్టుయంత్రానికి జరిగిన నష్టం గురించి' అన్నడు పిలగాడు. స్పీకర్ల పెట్టి ఉన్నది. పక్కన మా అత్త ఆగమ్మ చిక్కుడుకాయలు తుంచుకుంట చెవులు ఇటే పెట్టింది. పెండ్లైన కాడి సంది ఆమెకు చెప్తున్న, మా అవ్వగారింటోళ్లు నాకు ఎన్నెన్ని పెడుతరో అని. అసువంటప్పుడు ఏం గిఫ్టు, ఏం యంత్రం అని ఎట్ల అడుగుత చెప్పు? 'అవు బిడ్డా, ఆ మిషనే. జల్దినే విరిగింది' అన్న."

"విరిగిన మిషన్ చూపెట్టమనలేదా?"

"అన్నడు. విరిగినది ఇంట్ల పెట్టుకుంటే అరిష్టం, పారేసినం అన్న. పాపం, మంచి పిలగాడు. 'మీ నమ్మకాలను గౌరవిస్తున్నాము' అన్నడు."

ఇంతలో మా ఆయన దుకాణం నుంచి వచ్చిండు. డబ్బా చూసిండు, అక్కను చూసిండు, నన్ను చూసిండు. కండ్లల్ల నీళ్లు!

"నాకు ఫోన్ చేసి 'మీ శ్రీమతి గారి వదిన గారి చిరునామా' అని అడిగినప్పుడే నాకు సమజైంది. అడ్రసు, నంబరు నేనే ఇచ్చిన. అక్కకు ఏం పెట్టలేదని లోపల్లోపల నిన్ను తిట్టుకునేటోన్ని రశ్మీ. మాఫ్ చెయ్యి."

మా అత్త సుగుణమ్మ కొంగుతో ముక్కు తుడుచుకున్నది. "నిన్ను పిసినారిదని నలుగుర్ల అన్న బిడ్డా. నా నోరు పడిపోను!"

గడప దగ్గర రూప నిలబడి ఉన్నది. ఆమె కండ్లు డబ్బా మీద ఉన్నయి. వేళ్ల పట్టీల్లో ఒకటి ఊడి వేలాడుతున్నది.

నిజం చెప్పుడు ఒక్క నిమిషం పని. 'ఈ మిషన్ రూపది' అంటే చాలు. కాని అంటే నా కార్డు గల్లీ మొత్తం తిరుగుతున్నదని మా ఆయనకు తెలుస్తది. మున్నీ వదినెకు అత్త ముందు తల కొట్టేసినట్టయితది. వరుణ్ దగ్గర నా గొంతు నాణ్యతా ప్రయోజనాల నిమిత్తం భద్రంగ ఉన్నది. అన్నిటికంటే ముఖ్యం, మా అత్త నన్ను మెచ్చుకొని ఇంకా రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆ రుచి ఎట్లుంటదో నాకు అప్పుడప్పుడే తెలుస్తున్నది.

నేను నోరు తెరిచిన. అందులోంచి వచ్చిన మాట ఇది: "పండుగ దాక చెప్పొద్దనుకున్న!"

రూప నా వైపు ఒక్కసారి చూసింది. నేను డబ్బా మీది బొమ్మను శ్రద్ధగా చూసిన. మంచి బొమ్మ.

"గాని రశ్మీ," అన్నది మున్నీ వదినె, "నాకు కుట్టుడు ఎక్కడ వస్తది? షోకేసుల పెడుత. వచ్చినోళ్లందరికి చూపెడుత."

అప్పుడు రూప లోపలికి వచ్చింది. పిలువకుండనే వచ్చి, డబ్బా పక్కన కూర్చొని, పసిపిల్ల ఒళ్లు చూసినట్టు నాలుగు దిక్కులా చెయ్యి పెట్టి చూసింది.

"షోకేసుల పెడితే మోటరు పట్టుకపోతది మున్నీ వదినె. గిసువంటి మిషన్‌ను రోజూ నడిపిస్తనే ఉండాలె. నా దగ్గర పెట్టుండ్రి, నేను నడిపిస్త. పేరు మీదే. మీ జాకెట్లన్నీ నేనే కుడుత."

"ముఫత్‌గనా?" అన్నది మున్నీ వదినె.

"మీకు ముఫత్తే. కుట్టుకూలి రశ్మి వదినె ఇస్తది. గింత మిషన్ ఇచ్చిన చెయ్యి కుట్టుకూలికి ఎనుకాడుతదా?"

అందరూ నా వైపు తిరిగిన్రు. మా ఆయన కండ్లు ఇంకా తడిగనే ఉన్నయి.

"ఎందుకు ఎనుకాడుత?" అన్న. నవ్విన కూడా అనుకుంట.

ఆ సాయంత్రమే డబ్బా రూప ఇంటికి చేరింది, అరుగు మీదికి కాదు, లోపలికి. గోడ అవతల మళ్లా కిర్రుకిర్రు. పెండ్లిపిల్ల జాకెట్లు పెండ్లికి అందినయి. నెమళ్ల ఫోటోలు చూసి రూపకు కొత్త పనులు కూడా వచ్చినయి. అందరికీ మంచే జరిగింది.

పెండ్లైన మరునాడు జహనుమా నుంచి సంచి దిగింది. మున్నీ వదినె జాకెట్లు. వాళ్ల అత్త ఆగమ్మ జాకెట్లు. ఆగమ్మ బిడ్డల జాకెట్లు. పుట్టింటోళ్ల ప్రేమ ఎంత పెద్దదో జహనుమా మొత్తం తెలియాలె కదా! ఇంత కూలికి మా ఆయనను పైసలు అడిగితే, అక్కకంటే సరే, ఆగమ్మ బిడ్డల జాకెట్లకు మనమెందుకు ఇయ్యాలె అంటడు. ముఫత్‌గ కుట్టమందామంటే రూప మొఖం చూసే ధైర్యం నాకు లేదు. ఆమెనే ఒక దారి చెప్పింది.

"పైసలొద్దు తీయి వదినె. వచ్చి హుక్కులు కుట్టు."

అందుకే ఇప్పుడు రోజూ మధ్యాహ్నం పని తీరంగనే రూప ఇంట్లో కిటికీ పక్కన కూర్చుంట. సూదిలోకి దారం ఎక్కించుడు వచ్చింది. వేళ్లకు పట్టీలు కూడా వచ్చినయి.

మొన్న కిటికీలోంచి కృష్ణమ్మ గొంతు వినపడ్డది. అరుగు మీద మా అత్తను అడుగుతున్నది, "ఏంది సుగుణమ్మా, నీ కోడలు రూప తాన హుక్కుల పనికి కుదిరిందా?"

మా అత్త గొంతులో ఎంత గర్వమో! "కుదురుడేంది? బీకాం చదివింది మా కోడలు. పాపం రూపకు ఏం రాదు గద, రోజూ పోయి పని నేర్పుతున్నది. గదంత సమాజసేవ."

నేను తల ఎత్తి, కొంచెం నిటారుగా కూర్చున్న.

రూప నా చేతిలోంచి జాకెట్ తీసుకొని వెలుగులోకి పట్టి చూసింది.

"హుక్కులన్నీ తిరగేసి కుట్టినవ్ వదినె. విప్పు."

విప్పిన.